మూత పెట్టిన సీసాలో నత్తలు ఎందుకు చచ్చిపోయాయి? జీవావరణం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గాజుసీసా:
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ, తప్పులుంటే ఏమనుకోకండి. నెల కిందట ఐదు లీటర్ల గాజు జాడీలో చిన్న జీవావరణం తయారు చేద్దామని మొదలుపెట్టాను. అడుగున నాలుగు వేళ్ల మందాన చెరువు బురద, అందులో గుచ్చిన హైడ్రిల్లా అనే నీటిమొక్క కాడలు ఒక గుప్పెడు, పైన చెరువు నీళ్లు, ఐదు చిన్న నత్తలు. తిండి చాలదేమోనని ఎండుటాకులు రెండు గుప్పెళ్లు నలిపి వేశాను. నీళ్లు మూతి దాకా నింపి, మూత బిగించి, చుట్టూ మైనం పోసి కిటికీ పక్కన పెట్టాను.

మొదటి వారం చూడముచ్చటగా ఉంది. ఎండ పడితే చాలు, ఆకుల అంచున సన్నటి బుడగలు పుట్టి, కాసేపు అక్కడే వేలాడి, ఒక్కొక్కటే పైకి వెళ్లేవి. తొమ్మిదో రోజు మబ్బు పట్టింది, మూడు రోజులు ఎండ మొహం చూడలేదు. పదకొండో రోజు పొద్దున చూస్తే నత్తలన్నీ పాక్కుంటూ వచ్చి మూత కింద అతుక్కుని ఉన్నాయి, నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి. పద్నాలుగో రోజుకి ఒక్కటీ కదల్లేదు. మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు.

మొక్కలున్నాయి, తిండి ఉంది, నీళ్లున్నాయి, వెలుతురు ఉంది. ఇంకేం తక్కువైంది? భూమి కూడా మూత పెట్టిన సీసా లాంటిదే కదా. అది కోట్ల ఏళ్లుగా నడుస్తుంటే నాది రెండు వారాలు కూడా ఆగలేదు.

సందేహరాయుడు:
నత్తలకు నా సంతాపం. మైనం పోసింది సీసాకా సమాధికా తమ్ముడూ?

నాచుపురుగు:
రాయుడు గారూ, పాపం ఇప్పటికే బాధలో ఉన్నారు, వదిలేయండి.

గాజుసీసా గారూ, మీకు తక్కువైంది ఏమీ లేదు, ఎక్కువైంది. ఆ ఎండుటాకులే మీ కొంప ముంచాయి. నత్తలకు వేశానని మీరనుకున్నారు, కానీ వాటికంటే ముందు బురదలోని బాక్టీరియా పంక్తిలో కూర్చుంది. ఆకు కుళ్లడమంటే ఊరికే మెత్తబడటం కాదు, బాక్టీరియా, బూజు కలిసి దాన్ని తింటూ ఊపిరి తీసుకోవడం. మనం పీల్చే ఆక్సిజనే అవీ వాడుకుంటాయి. ఎండ ఉన్నన్నాళ్లూ హైడ్రిల్లా ఎలాగో నెట్టుకొచ్చింది. మబ్బు పట్టాక సరఫరా పడిపోయింది, ఖర్చు మాత్రం తగ్గలేదు. రాత్రిపూట హైడ్రిల్లా కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఆక్సిజన్ అయిపోయాక మరో రకం బాక్టీరియాకి అవకాశం దొరికింది. అవి ఆక్సిజన్ బదులు నీటిలో, బురదలో ఉండే సల్ఫేటుతో పని నడిపించుకుంటాయి. వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ గుడ్ల కంపు. నత్తలకు అది విషం.

ఇంకొకటి. చెరువు నత్తల్లో చాలావాటికి ఊపిరితిత్తి లాంటి సంచి ఉంటుంది, పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ దిగుతాయి. అవి మూత కిందకి చేరింది అందుకే. మీరేమో మూతి దాకా నీళ్లు నింపేశారు. అక్కడ వాటికి దొరికింది ఇనుప మూత.

గాజుసీసా:
అయ్యో. అది చదివాక గుండె పిండేసినట్టయింది మేడమ్. గాలి ఉంటే చెడిపోతుందని నేనే బుడగ కూడా లేకుండా తట్టి తట్టి నింపాను.

లెక్కలపిచ్చి:
లెక్క వేసి చూపిస్తా, మనసు ఇంకాస్త పాడవుతుంది కానీ విషయం అర్థమవుతుంది.

గది వేడిలో ఒక లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మహా అయితే 8 మిల్లీగ్రాములు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములు. అంటే ముప్పై రెట్ల పైమాటే. మీ సీసాలో బురద పోగా నాలుగు లీటర్ల నీళ్లు అనుకుంటే, మొత్తం నిల్వ 32 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఎండుటాకులు. రెండు గుప్పెళ్లంటే తక్కువలో తక్కువ 20 గ్రాములు వేసుకుందాం. అవి పూర్తిగా కుళ్లాలంటే 20 గ్రాముల పైనే ఆక్సిజన్ కావాలి, అంటే 20,000 మిల్లీగ్రాములు. చేతిలో 32, అప్పు 20,000. అప్పులవాళ్లు అందరూ ఒకేరోజు రాకపోబట్టి రెండు వారాలైనా నడిచింది.

"భూమి ఎందుకు నడుస్తోంది" అన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. భూమి చుట్టూ గాలిలో ఉన్న ఆక్సిజన్ సుమారు 12 లక్షల గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). బతికున్న జీవరాశి మొత్తంలో, అంటే చెట్లు, జంతువులు, బాక్టీరియా అన్నీ కలిపి, ఉన్న కార్బన్ 550 గిగాటన్నులని 2018లో వేసిన అంచనా ఒకటుంది. ఇదంతా ఒక్కరోజులో తగలబడిందనుకోండి. 550 గిగాటన్నుల కార్బన్ మండడానికి 1,467 గిగాటన్నుల ఆక్సిజన్ చాలు. 12 లక్షల్లో 1,467 అంటే 0.12 శాతం. గాలిలో ఆక్సిజన్ 20.95 ఉన్నది 20.92 అవుతుంది. కొలిచే యంత్రం చెప్పాలి గానీ మన ముక్కుకి తెలియదు.

సందేహరాయుడు:
ఆగండాగండి. అడవులన్నీ తగలబడినా ఆక్సిజన్ తగ్గదా? అమెజాన్ అడవి భూమికి ఊపిరితిత్తులు, 20 శాతం ఆక్సిజన్ అక్కడి నుంచే వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా.

ఎర్రగ్రహం:
అవును, నేనూ ఆ 20 శాతం మాటే రాద్దామనుకున్నా. అసలు చెట్లు నాటమని చెప్పేదే అందుకు కదా?

నాచుపురుగు:
ఆ 20 శాతం మాట ఎంత ప్రచారంలో ఉందో అంత తప్పు. ప్రతి ఏడాదీ పిల్లల ప్రాజెక్టుల్లో కనీసం ముగ్గురు రాస్తారు. అమెజాన్ చెట్లు పగలు ఆక్సిజన్ విడుదల చేసే మాట నిజమే. కానీ అందులో సగం పైచిలుకు ఆ చెట్లే తమ ఊపిరికి వాడేసుకుంటాయి. మిగిలింది రాలిన ఆకుల్నీ కూలిన మొద్దుల్నీ కుళ్లబెట్టే బూజులు, బాక్టీరియా, చెదలు లాగేస్తాయి. ఏడాది చివర లెక్క చూస్తే మిగులు దాదాపు సున్నా. పెరుగుతున్న అడవిలో కాస్త మిగులుతుంది, ముదిరిన అడవిలో జమా ఖర్చూ సరిపోతాయి.

ఊపిరితిత్తులన్న పోలికే విడ్డూరం. ఊపిరితిత్తులు ఆక్సిజన్ తయారు చేయవు, లాక్కుంటాయి.

సందేహరాయుడు:
సరే, మిగులు సున్నా అయితే ఆ 12 లక్షల గిగాటన్నులు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఎవరో ఒకరు మిగల్చాలి కదా.

లెక్కలపిచ్చి:
సరిగ్గా పట్టుకున్నారు. అసలు ప్రశ్న అదే.

పాతకాపు:
దీనికి నేను చెబుతా, కాస్త పొడుగవుతుంది.

ఒక ఆకు పుట్టినప్పుడు కొంత ఆక్సిజన్ గాలిలోకి వెళ్తుంది. ఆ ఆకు కుళ్లినప్పుడు సరిగ్గా అంతే ఆక్సిజన్ గాలిలోంచి వెనక్కి పోతుంది. చెల్లుకు చెల్లు. ఆకు కుళ్లకుండా ఉంటేనే మిగులు. అంటే కుళ్లబెట్టేవాళ్ల చేతికి అందకుండా బురద కిందో, సముద్రం అడుగునో పూడిపోవాలి. అలా పూడిపోయేది పుట్టిన దాంట్లో వెయ్యింట ఒక వంతు లాంటిది. ఆ వెయ్యింట ఒకటి కోట్ల ఏళ్ల పాటు పేరుకుంటూ పోతే నేల కింద నల్లటి షేలు రాళ్లు, బొగ్గు, చమురు, నేల పైన వాటి తాలూకు ఆక్సిజన్. మనం పీల్చేది ఈ రోజు ఎదురుగా ఉన్న చెట్టు ఇచ్చింది కాదు, ఎప్పుడో పూడిపోయి ఇంకా కుళ్లని శవాల తాలూకు బాకీ.

మొదట్లో అదీ నిలవలేదు. సయనోబాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ నాచు ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టినా, సముద్రంలో కరిగి ఉన్న ఇనుము వచ్చింది వచ్చినట్టు పట్టేసుకుని తుప్పుగా మారి అడుగుకి దిగిపోయేది. ఆ తుప్పు పొరలు ఇప్పుడు ఎర్రటి చారల రాళ్లుగా కనిపిస్తాయి, ప్రపంచంలో ఇనుప ఖనిజంలో పెద్ద భాగం అలాంటి రాళ్లలోనిదే. గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. అప్పటి సూక్ష్మజీవుల్లో చాలావాటికి అది విషం. మీ సీసాలో గుడ్ల కంపు కొట్టించిన బాక్టీరియా ఉన్నాయే, అవి ఆ పాత ప్రపంచపు వారసులు. బురద కింద తలదాచుకుని బతుకుతుంటాయి. మీరు ఆక్సిజన్ తీసేసరికి వాటికి పాత రాజ్యం తిరిగొచ్చింది.

గాజుసీసా:
బాబాయ్, మీరిలా చెబితే నత్తల మీద జాలిపడాలో బాక్టీరియాని చూసి ముచ్చటపడాలో తెలియట్లేదు.

మట్టివాసన:
ఆలస్యంగా వచ్చా. ఎండుటాకుల కథ వినగానే గుర్తొచ్చింది, సరిగ్గా ఈ తప్పే చాలా పెద్దవాళ్లు, చాలా డబ్బు పెట్టి చేశారు.

అమెరికాలో అరిజోనాలోని ఓరాకిల్ దగ్గర బయోస్ఫియర్-2 అని గాజు, ఉక్కుతో మూడెకరాల పైన ఒక సీసా కట్టారు. 2 అని ఎందుకంటే 1 భూమి. లోపల చిన్న వర్షారణ్యం, సవన్నా గడ్డిమైదానం, ఎడారి, మడ అడవి, పగడాల దిబ్బతో సముద్రం, పొలం. 1991 సెప్టెంబరు 26న నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు, సరిగ్గా రెండేళ్ల తర్వాత బయటికొచ్చారు.

మొక్కలు బాగా పెరగాలని పొలంలో సారం దండిగా ఉన్న మట్టి వేశారు, కుళ్లిన ఎరువూ అదీ కలిపి. ఆ మట్టిలోని సూక్ష్మజీవులు ఆవురావురుమని తినడం మొదలుపెట్టాయి. ఆక్సిజన్ నెలనెలా దిగుతూ పోయింది. 20.9 శాతం నుంచి పదహారు నెలల్లో 14 శాతం చిల్లరకు పడింది. అంటే నాలుగు వేల మీటర్ల కొండ మీద ఉన్నట్టు. లోపలివాళ్లకు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టదు. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించారు.

ఇక్కడో చిక్కు వచ్చింది. సూక్ష్మజీవులు ఆక్సిజన్ తింటే అంతే లెక్కన కార్బన్ డయాక్సైడ్ పెరగాలి కదా. అంత పెరగలేదు. మరి మిగతా ఆక్సిజన్ ఏమైపోయింది? జెఫ్ సెవరింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి కార్బన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) కొలిచి దొంగని పట్టుకున్నారు. గోడలు! కొత్త కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ ఆ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని సున్నపురాయిగా మారిపోయింది. ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ రూపంలో మట్టిలోంచి గాలిలోకి, గాలిలోంచి గోడలోకి చేరి అక్కడే బందీ అయిపోయింది. గోడ కూడా జీవావరణంలో భాగమే అన్న సంగతి ఎవరి లెక్కల్లోనూ లేదు.

సందేహరాయుడు:
గోడలకు చెవులుంటాయని విన్నా, ముక్కు కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

మట్టివాసన:
హహ. ఇంకో రెండు ముచ్చట్లు. లోపల గాలి కదలిక లేక చెట్లు బలం లేకుండా పెరిగి వంగిపోయాయి. కొమ్మని గాలి ఊపితేనే చెట్టు కాండంలో చేవ పడుతుంది. అలాగే పుప్పొడి మోసే పురుగులు చాలావరకు చచ్చిపోయి, చీమలు, బొద్దింకలు మాత్రం ఇంతింతై పెరిగాయి. ఎవర్ని లోపలికి పంపాలో జాబితా రాసుకున్నది మనుషులు, ఎవరు మిగలాలో తేల్చుకున్నది లోపలి ప్రాణులే.

లెక్కలపిచ్చి:
దీన్ని భూమితో పోల్చి చూడండి. బయోస్ఫియర్-2లో కార్బన్ డయాక్సైడ్ ఒక పగలు, ఒక రాత్రి మధ్యలో 600 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) దాకా ఊగేది. హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి కొలుస్తున్న లెక్క ఉంది కదా, చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టింది, అక్కడ ఏడాది మొత్తం మీద ఊగేది 6 పీపీఎం. మే నెలలో ఎక్కువ, ఉత్తరార్ధగోళంలో ఆకులన్నీ వేసవిలో లాగేశాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తక్కువ. లోపల ఉన్న ప్రాణాలతో పోలిస్తే చుట్టూ ఉన్న గాలి ఎంత ఎక్కువైతే ఊపు అంత తక్కువ. సముద్రం ఇంకా పెద్ద గోదాము. గాజుసీసా బ్రదర్ దగ్గర ఆ గోదామే లేదు.

ఎర్రగ్రహం:
అయితే మార్స్ మీద పెద్ద గోపురం కట్టి, లోపల గాలి బాగా ఎక్కువ పెడితే సరిపోతుందన్నమాట. నేను ఎప్పటి నుంచో అదే చెబుతున్నా.

నాచుపురుగు:
గాలి ఎక్కువ పెడితే సీసా నెమ్మదిగా చస్తుంది, అంతే. నిల్వ టైమ్ ఇస్తుంది, తిరగలి తిప్పదు. వాడిన ప్రతి పదార్థాన్నీ విడగొట్టి మళ్లీ మొదటికి తెచ్చేవాళ్లు ఉండాలి, వాళ్లు చాలా రకాలుండాలి, ఒకరి చెత్త ఇంకొకరి తిండి కావాలి. ఆకులోని చక్కెరని తినేవాళ్లు వేరు, కట్టెకి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ని నమిలేవాళ్లు వేరు. లిగ్నిన్ పని చాలావరకు తెల్లబూజు రకం శిలీంధ్రాలది. నత్రజని చూడండి, గాలిలో 78 శాతం ఉంది గానీ ఏ చెట్టూ నేరుగా ముట్టుకోలేదు. కొన్ని బాక్టీరియా దాన్ని పట్టి నేలకి దించాలి, మరికొన్ని ఆ నేలలోంచి మళ్లీ గాలికి వదలాలి. ఈ రెండో రకం లేకపోతే గాలిలోని నత్రజని యుగాల మీద కరిగి సముద్రంలో చేరేది. వాటి గురించి పాఠంలో రెండు లైన్లుంటాయి, పరీక్షలో రాదని పిల్లలు వదిలేస్తారు.

నీలిసముద్రం:
ఇంతసేపూ అందరూ చెట్టూ పుట్టా అంటున్నారు, సముద్రాన్ని గోదాము అని ఒక్క మాటతో సరిపెట్టారు లెక్కల మాస్టారు. నాకు కోపం వచ్చింది.

భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే. చేస్తున్నదెవరంటే నీళ్లలో తేలుతూ కంటికి కనిపించని వృక్షప్లవకాలు. నేల మీది మొక్కల్లో ఉన్న కార్బన్ 450 గిగాటన్నులైతే, వీటన్నిటిదీ కలిపి ఒక గిగాటన్ను దగ్గర. నాలుగు వందల రెట్లు చిన్నగా ఉండి సమానంగా పని చేస్తున్నాయి. ఎలాగంటే చెట్టు కట్టె కట్టుకుని వందేళ్లు నిలబడుతుంది, ఇవి ఇవాళ పుట్టి రేపో వారానికో ఎవరి నోట్లోనో పడతాయి, మళ్లీ పుడతాయి. ప్రోక్లోరోకాకస్ అని ఒకటుంది, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. 1980లలో శాలీ చిజమ్ అనే శాస్త్రవేత్త బృందం ఓడ మీద నీటి నమూనాల్ని లేజరు కాంతితో పరీక్షిస్తుంటే బయటపడింది, అంతవరకూ అదొకటి ఉందనే ఎవరికీ తెలియదు. భూమి మీద కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల్లో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ ఇదే. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో లక్ష దాకా ఉండొచ్చు.

బాబాయ్ చెప్పిన పూడ్చిపెట్టే పని కూడా ఎక్కువగా జరిగేది ఇక్కడే. చచ్చిన ప్లవకాలు, వాటిని తిన్నవాటి మలం, అన్నీ కలిసి సన్నటి తెల్లటి తునకలుగా పైనుంచి అడుగుకి రాలుతుంటాయి. సముద్రపు మంచు అంటారు దాన్ని. చాలావరకు దారిలోనే ఎవరో ఒకరు తినేస్తారు, మిగిలిన కాస్తే అడుగున పూడిపోయేది.

ఎర్రగ్రహం:
సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర సూర్యుడితో పని లేకుండా బతికే జీవులున్నాయిగా? అక్కడ ఈ ఆక్సిజన్ గొడవే లేదు. మార్స్‌కి అది పనికొస్తుంది.

నీలిసముద్రం:
నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నా. 1977లో పసిఫిక్‌లోని గలాపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ జలాంతర్గామి దిగి చూసిన బుగ్గలవి. మనిషంత పొడుగు గొట్టం పురుగులు, నోరు లేదు, పేగు లేదు, ఒంట్లో బాక్టీరియాని పెట్టుకుని వాటి మీద బతుకుతాయి. ఆ బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ని, అదే మన సీసాలో నత్తల్ని చంపిందాన్నే, మండించి శక్తి తీసుకుంటాయి. మండించడానికి ఏం కావాలి? ఆక్సిజన్. అది ఎక్కడిది? పైన ఎండలో తయారై, చల్లటి నీటితో అడుగుకి దిగింది. చీకట్లో ఉన్నా వాళ్లకీ సూర్యుడి దగ్గర ఖాతా ఉంది.

నిజంగా ఖాతా లేనిది కావాలంటే ఇంకా కిందికి పోవాలి. దక్షిణాఫ్రికా బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్ల నీటిలో ఒకే ఒక్క జాతి బాక్టీరియా కాపురం ఉంటోందని 2008లో ప్రకటించారు. యురేనియం రేడియోధార్మికతకి నీళ్లు విడిపోయి హైడ్రోజన్ పుడితే దాంతో బతుకుతుంది, కావలసిన నత్రజని, కార్బన్ అన్నీ తానే సమకూర్చుకుంటుంది. బతకడమైతే బతుకుతోంది. కానీ దాని చుట్టూ అడవి మొలవలేదు మరి.

పాతకాపు:
"జీవావరణం" అనే మాటని 1875లో మొదట వాడింది ఎడ్వర్డ్ సూస్, ఆయన భూగర్భ శాస్త్రవేత్త. ఆ మాటకి ఒళ్లూ పేరూ తెచ్చి 1926లో పుస్తకం రాసింది వెర్నాద్‌స్కీ, ఆయనా రాళ్లవాడే. జీవశాస్త్రం వాళ్లు ఒక్కో ప్రాణినీ చూస్తూ కూర్చుంటే, ప్రాణులన్నీ కలిసి రాళ్లనీ గాలినీ ఎలా మార్చేస్తున్నాయో రాళ్లవాళ్లకి కనిపించింది. గాజుసీసా నాయనా, నీ ప్రయోగానికి తాతలాంటిది ఇంకోటుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ 1771 ఆగస్టు 17న, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మ పెట్టాడు. అదే నెల 27న చూస్తే ఆ గాలిలో మరో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. వెలుతురు ఉంటేనే, అదీ పచ్చటి భాగాలే ఆ పని చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌస్ తేల్చాడు. ఆయన నీ సీసా చూస్తే ముందు మబ్బుల గురించే అడిగేవాడు.

సందేహరాయుడు:
అంతా బాగుంది కానీ నా సందేహం అలాగే ఉంది. అడవి ఆక్సిజన్ ఇవ్వదు, తగలబడినా ఆక్సిజన్ తగ్గదు. మరి అడవి పోతే నష్టమేంటి? ఈ చర్చని ఎవరైనా కాపీ చేసి చెట్లు కొట్టేవాళ్లకి చూపిస్తే పండగ చేసుకుంటారు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

మట్టివాసన:
మంచి ప్రశ్న, ఇప్పటికైనా వెటకారం పక్కన పెట్టారు.

మొదటిది, ఆక్సిజన్‌కి గోదాము పెద్దది, కార్బన్ డయాక్సైడ్‌కి చిన్నది. గాలిలో ఆక్సిజన్ పది లక్షల్లో 2,09,500 వంతులు, కార్బన్ డయాక్సైడ్ 420 చిల్లర. అదే అడవి తగలబడితే మొదటి అంకె కదలదు, రెండోది గట్టిగా కదులుతుంది. పెద్ద చెరువులోనూ చెంబులోనూ ఒకే దోసెడు నీళ్లు పోసినట్టు. 1958లో 315 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు కాల్చడం వల్ల ఆక్సిజన్ కూడా ఏటా పది లక్షల్లో సుమారు నాలుగు వంతులు తగ్గుతోంది, చార్లెస్ కీలింగ్ కొడుకు రాల్ఫ్ కొలిచి చూపించాడు, కానీ దాని గురించి ఎవరూ టెన్షన్ పడరు, పడక్కర్లేదు కూడా.

రెండోది నీళ్లు. చెట్టు వేరుతో తాగింది చాలావరకు ఆకుల నుంచి ఆవిరిగా వదిలేస్తుంది, పెద్ద చెట్టయితే రోజుకి కొన్ని వందల లీటర్లు. అమెజాన్‌లో సముద్రం నుంచి వచ్చిన మేఘం ఒకసారి కురుస్తుంది, చెట్లు దాన్ని మళ్లీ పైకి పంపుతాయి, లోపలికి వెళ్లి ఇంకోసారి కురుస్తుంది. అక్కడి వానలో పెద్ద వాటా ఇలా తిరిగి వచ్చిందేనని 1970లలోనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి వాన నీటి ఐసోటోపులు కొలిచి చూపించాడు. అంచున చెట్లు కొడితే లోపలి వాన తగ్గుతుంది.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, భాస్వరం. నత్రజనికైనా గాలి దారి ఉంది, దీనికి అదీ లేదు, రాయి అరిగితేనే దొరుకుతుంది. అమెజాన్ మట్టిలోది వానలకి కొట్టుకుపోతూనే ఉంటుంది. ఆ లోటుకి ఒక సాయం సహారా నుంచి వస్తుంది. చాద్ దేశంలో బోడెలే అనే పల్లం ఉంది, ఒకప్పటి మహా సరస్సు ఎండిపోయిన అడుగు. అక్కడి ధూళిలో ఆ సరస్సులో బతికి చచ్చిన డయాటమ్‌లనే సూక్ష్మ నాచు పెంకులు నిండి ఉంటాయి. గాలి ఆ ధూళిని లేపి అట్లాంటిక్ దాటించి అడవి మీద పోస్తుంది. 2015లో నాసా వాళ్లు ఉపగ్రహం లెక్కలతో తేల్చింది ఏటా 2 కోట్ల 77 లక్షల టన్నుల ధూళి, అందులో సుమారు 22,000 టన్నుల భాస్వరం. వానకి పోయేది కూడా ఇంచుమించు అంతే. ఎడారికి అడవితో పనేముంది అనుకుంటాం. ఒక ఖండంలో చచ్చిన సరస్సు ఇంకో ఖండంలో అడవికి ఎరువు.

సందేహరాయుడు:
సరే, ఇది కాపీ చేసి పెట్టుకుంటున్నా. మొత్తం పెట్టుకుంటా, మధ్యలో ముక్క కాదు.

లెక్కలపిచ్చి:
ఇందాకటి అంచనాలో ఒక అంకె మర్చిపోయా. 550 గిగాటన్నుల్లో మనుషులందరం కలిపి 0.06. బాక్టీరియా 70. శిలీంధ్రాలు 12. జంతువులన్నీ, పురుగులూ చేపలతో సహా, 2. మనం పెంచుకునే పశువులు 0.1, అడవి క్షీరదాలు అన్నీ కలిపి 0.007. ఏనుగులు, తిమింగలాలు, ఎలుకలు అన్నీ ఆ 0.007లోనే. ఆ చివరి అంకె దగ్గర నేను రెండుసార్లు ఆగి చూసుకున్నా, సున్నా ఎక్కువ పడిందేమోనని.

గాజుసీసా:
ఇంత సమాధానం వస్తుందనుకోలేదు. మళ్లీ మొదలుపెడతాను, ఈసారి ఎలా పెట్టాలో చెప్పండి మేడమ్.

నాచుపురుగు:
కడిగిన ఇసుక రెండు వేళ్ల మందం, దానిపైన బురద పల్చగా ఒక పొర. ఎండుటాకులు వద్దు, మహా అయితే ఒక్క ఆకు, చూడటానికి. నీళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, పైన గాలి వదలండి. హైడ్రిల్లా అంతే ఉండనివ్వండి. నత్తలు రెండు చాలు, అవీ చిన్నవి. నేరుగా ఎండలో పెడితే నీళ్లు వేడెక్కి వేరే గొడవ వస్తుంది, వెలుతురు బాగా ఉండే నీడలో పెట్టండి. మైనం పోసే ముందు వారం రోజులు మూత ఊరికే పెట్టి, రోజూ పొద్దున్నే, ఎండ రాకముందు చూడండి. సీసాకి గడ్డు సమయం అదే. ఆ టైమ్‌లో నత్తలు కింద తీరుబడిగా తిరుగుతుంటే మూత బిగించండి.

(ఏడు వారాల తర్వాత)

గాజుసీసా:
ఈ చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించాలి. మీరు చెప్పినట్టే పెట్టాను, మైనం పోసి 41 రోజులైంది. మధ్యలో రెండుసార్లు మబ్బు పట్టింది, నాకు నిద్ర పట్టలేదు, నత్తలు మాత్రం ఏమీ ఎరగనట్టు గాజు మీది నాచు గీకుతూ తిరిగాయి. వాటి వెనక నాచు మీద నోటి గీతలు వంకరటింకరగా కనిపిస్తున్నాయి.

ఆ ఒక్క ఎండుటాకు సంగతి చెప్పాలి. మొదటి రెండు వారాలు దాని చుట్టూ తెల్లగా దూది లాంటి పొర పట్టింది, కుళ్లిపోతోందని భయపడ్డా. తర్వాత ఆ దూది పోయింది, ఆకు కండ అంతా పోయి ఈనెలు మాత్రం మిగిలాయి, వలలాగా. ఇప్పుడు ఆ వల మీదే హైడ్రిల్లా కొత్త వేరు ఒకటి వచ్చి ఆనుకుంది.

ఇంకో సంగతి. గాజుకి లోపలి వైపున జిగురు ముద్ద ఒకటి అతుక్కుని ఉంది, గోరంత. భూతద్దం పెట్టి చూస్తే లోపల వరసగా చుక్కలు. గుడ్లేనా? పిల్లలు ఎక్కువైతే మళ్లీ ఆక్సిజన్ చాలదేమో, మూత తీసి కొన్ని బయట పెట్టాలా?

నాచుపురుగు:
గుడ్లే. మూత ముట్టుకోకండి. తిండి ఎంతుందో అన్నే మిగులుతాయి, మిగతావాటిని ఏం చేయాలో బురదకి తెలుసు.

సందేహరాయుడు:
పేర్లు పెట్టేటప్పుడు నన్ను మర్చిపోకు తమ్ముడూ.

గాజుసీసా:
పొద్దున లెక్కపెట్టా, పంతొమ్మిది చుక్కలు. ఒకటి కదులుతోంది.